చేతి బీపీ 110/70, ఊపిరితిత్తుల్లో మాత్రం హై బీపీ అంటున్నారు. ఇదెట్లా?

కొత్తవాడ తమ్ముడు | వరంగల్ | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అక్కకు 34 ఏళ్లు, హన్మకొండలో ఉంటది. పోయినేడు సద్దుల బతుకమ్మ నాడు నాలుగు చుట్లు తిరిగేసరికి ఆయాసంతో కూర్చుండిపోయింది. అలవాటు తప్పింది కదా అనుకున్నాం. తర్వాత ఒక క్లినిక్‌లో ఆస్తమా అన్నారు. ఏడాదిపాటు ఇన్‌హేలర్ పీల్చినా తేడా లేదు. మొన్న పద్మాక్షి గుట్ట మెట్లెక్కుతూ కళ్లు తిరిగి పడిపోయింది. అప్పుడు ఎకో తీశారు. రిపోర్టులో సివియర్ పల్మనరీ హైపర్‌టెన్షన్, ఆర్‌వీఎస్‌పీ (గుండె కుడి కింది గది ముడుచుకునేటప్పటి ఒత్తిడి) 78 అని ఉంది. గుండె కుడివైపు గదులు పెద్దవయ్యాయని కూడా రాశారు.

చేతికి పట్టీ కట్టి చూస్తే బీపీ 110/70. మరి హై బీపీ ఎక్కడిది? హైదరాబాద్ వెళ్లి గుండెలోకి సన్నటి పైపు పంపే పరీక్ష చేయించమన్నారు. ఈలోపు నేను నెట్‌లో వెతికితే "సగటున మూడేళ్లు" అని కనబడింది. రెండు రోజులుగా నిద్ర లేదు. అసలు ఈ జబ్బు ఎక్కడ మొదలవుతుందో తెలిసినవాళ్లు జర చెప్పండి.

ఎనుమాముల మిర్చి | 9:52

ఉప్పు తగ్గించమను తమ్మీ. మా బావకు 180 ఉండేది, ఉప్పు మానేసి పొద్దున నడక మొదలుపెట్టాడు, ఇప్పుడు 130. మిర్చి వ్యాపారం చేసే నేనే కారం కూడా తగ్గించమని చెప్తున్నానంటే అర్థం చేసుకో.

సుబేదారి సార్ | హన్మకొండ | 10:25

తమ్మీ, ముందు ఆ మూడేళ్ల సంగతి పక్కన పెట్టు. అది 1980ల్లో అమెరికాలో నమోదు చేసిన రోగుల లెక్క. అప్పటికి ఈ జబ్బుకంటూ తయారైన మందు ఒక్కటీ లేదు. ఇప్పుడు ఆ అంకె చూసి భయపడటమంటే నలభై ఏళ్ల నాటి టైంటేబుల్ పట్టుకుని కాజీపేట జంక్షన్‌లో బండి కోసం నిలబడటమే.

నేను డాక్టర్ను కాదు, ఇంటర్ పిల్లలకు ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పినవాణ్ని. గుండె అంటే పక్కపక్కన ఉన్న రెండు పంపులు. ఎడమది ఒళ్లంతటికీ రక్తం పంపుతుంది. చేతి పట్టీ చూపించేది దాని ఒత్తిడినే. కుడిది ఊపిరితిత్తులకు పంపుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు రెండూ నిమిషానికి ఐదు లీటర్ల దాకా పంపుతాయి. కానీ ఎడమవైపు సగటు ఒత్తిడి 90 మిల్లీమీటర్ల పాదరసం ఉంటే, ఊపిరితిత్తుల ధమనిలో 14 మాత్రమే. నీళ్లు అన్నే, కానీ ఒకటి మోటారు పెట్టి ట్యాంకుకు ఎక్కించేది, రెండోది చెరువు తూము కింద కాలువలో మెల్లగా పారేది. ఈ రెండోదాన్లో సగటు 20 దాటితే పల్మనరీ హైపర్‌టెన్షన్. 2018 దాకా హద్దు 25 ఉండేది, తర్వాత తగ్గించారు.

అందుకే చేతి బీపీతో దీనికి సంబంధం లేదు. కుడి పంపు గోడ పలుచన. కాలువకు తయారైనదాన్ని మోటారు పని చేయమంటే కొన్నాళ్లు మందమవుతుంది, తర్వాత సాగిపోతుంది. మెట్లెక్కేటప్పుడు ఒళ్లు అడిగినంత రక్తం అది పంపలేకపోయింది. కళ్లు తిరిగింది అందుకే అయి ఉంటుంది.

ఇంకొక ముచ్చట. పాకాల ఆయకట్టులో నీరటి ఉంటాడు కదా, ఏ మడికి నీళ్లు అక్కరలేదో అటు మడవ కట్టేసి ఇంకో మడికి తిప్పుతాడు. ఊపిరితిత్తిలోనూ అదే పని జరుగుతుంది. ఏ గాలిగదిలో ఆక్సిజన్ తక్కువుందో అక్కడి సన్నటి ధమని ముడుచుకుంటుంది, రక్తం మంచి గాలి ఉన్న చోటికి మళ్లుతుంది. మిగతా ఒంట్లో దీనికి తలకిందులు, ఆక్సిజన్ తగ్గితే నాళాలు వెడల్పవుతాయి. 1946లో స్వీడన్‌లో ఫాన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ అనే ఇద్దరు పిల్లుల మీద ఈ సంగతి చూపించారు. ఊపిరితిత్తి అంతటా ఆక్సిజన్ తక్కువైతే? నీరటి అన్ని మడవలూ కట్టేస్తాడు. పైన ఒత్తిడి పెరుగుతుంది.

పైపెట్ పిల్ల | వరంగల్ | 11:10

సార్, నీరటి కథ నేను మా జూనియర్లకు చెప్పడానికి దాచుకుంటున్నాను. కానీ ఈ అక్క జబ్బుకు అది సగమే. మడవ కడితే మళ్లీ తెరవొచ్చు. ఇక్కడ కాలువ గోడలే లోపలికి పెరుగుతుంటాయి.

బయోకెమిస్ట్రీలో రీసెర్చ్ చేస్తున్నాను, నాళాల కణాలే నా పని, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. ధమని గోడలో మూడు పొరలు. లోపల రక్తాన్ని తాకుతూ ఒకే వరుస కణాలున్న పొర, ఎండోథీలియం. మధ్యలో కండర కణాలు. బయట నార అల్లే కణాలు. చాలాకాలం లోపలి పొరను ఉత్త అస్తరు గుడ్డ అనుకున్నారు. 1980లో ఫర్చ్‌గాట్ అనే ఆయన, ఆ పొరను గీకేస్తే నాళం వదులు కావడమే మానేస్తుందని చూపించాడు. అంటే "వదులవ్వు" అని కండరానికి చెప్పేది ఆ పొరే. అది పంపే కబురు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు అని తర్వాత తేలింది. దీనికే 1998లో ఆయనకు, ఇగ్నారోకు, మురాద్‌కు నోబెల్ వచ్చింది.

అదే పొర ప్రోస్టాసైక్లిన్ అనే ఇంకో వదులు కబురు కూడా పంపుతుంది. "బిగుసుకో" అనే కబురూ దానిదే, పేరు ఎండోథీలిన్. 1988లో జపాన్‌లో దాన్ని కనుక్కున్నారు. ఈ జబ్బులో మొదటి రెండూ తగ్గిపోతాయి, మూడోది పెరుగుతుంది. ఇక్కడొక మెలిక ఉంది. ఈ మూడూ నాళాన్ని బిగించడం, వదలడమే కాదు, కండర కణాల పెరుగుదలను కూడా నడిపిస్తాయి. నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాసైక్లిన్ పెరగొద్దంటాయి, ఎండోథీలిన్ పెరగమంటుంది. కాబట్టి బిగుసుకున్న నాళం ఊరికే బిగుసుకుని ఉండదు, మందమవుతూ పోతుంది.

కండర కణం లోపల ఇంకో గొడవ. దాని పొరలో పొటాషియం బయటికి పోయే ద్వారాలుంటాయి. ఈ రోగుల్లో అవి తగ్గిపోతాయి. పొటాషియం లోపలే నిలిచిపోతే కణం పొర మీది విద్యుత్తు తేడా తగ్గి, కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. కాల్షియం లోపలికి వస్తే కండరం ముడుచుకుంటుంది. ఆ కాల్షియమే కణం విభజనకూ తోడ్పడుతుంది. పైగా పొటాషియం నిండి ఉన్న కణం సులభంగా చావదు. మామూలుగా పాత కణాలు వాటంతట అవే చనిపోయి చోటిస్తాయి. ఇక్కడ ఆ చావు ఆగిపోతుంది. అవి చక్కెరను వాడుకునే తీరు కూడా మారి క్యాన్సర్ కణాల పద్ధతికి దగ్గరవుతుంది.

క్యాన్సర్ అనే మాట చూసి బెదరకు తమ్ముడూ. ఇది క్యాన్సర్ కాదు, వేరే చోట్లకు పాకదు. కానీ "ఆపు" అంటే వినని కణాలు అనే పోలిక మాత్రం నిజం.

ఎనుమాముల మిర్చి | 11:18

సగం అర్థమైంది చెల్లె. బయటికి పోవాల్సినవాళ్లు పోకపోతే దర్వాజ దగ్గర రద్దీ పెరిగినట్టు. సీజన్ల మా యార్డు గేటు అట్లనే ఉంటది.

ఓరుగల్లు గెస్ట్ | సోమవారం ఉదయం 6:05

*ఈ పోస్టును అడ్మిన్ తొలగించారు. కారణం: పసరు మందు అమ్మకం, ఫోన్ నంబర్.*

జగిత్యాల అక్క | ఉదయం 7:30

తమ్ముడూ, నాకు ఇదే జబ్బు. ఆరేళ్లయింది. పొద్దున వంట చేసి, నా పిల్లను బడికి పంపి ఇది రాస్తున్నాను. మీ అక్కకు ఈ మాట చూపించు.

మందుల గురించి ముందే ఒకటి చెప్పాలి, లేకపోతే ఇబ్బంది పడతారు. నాకు మొదట రాసింది సిల్డెనాఫిల్. మా ఆయన మెడికల్ షాపుకెళ్లి చీటీ చూపిస్తే ఆ పిల్లగాడు నవ్వాడట. "భార్యకు" అంటే ఇంకా నవ్వాడట. అవును, వయాగ్రాలో ఉండేది అదే. ఇంటికొచ్చి చీటీ బల్ల మీద పడేసి, వేరే డాక్టర్‌ను చూద్దామన్నాడు. వారం మందు లేకుండా గడిచింది. ఆ వారం గుర్తొస్తే ఇప్పటికీ కోపం వస్తుంది.

పైపెట్ పిల్ల | 8:15

అక్కా, ఆ పిల్లగాడికి చెప్పాల్సింది ఇది. నైట్రిక్ ఆక్సైడ్ కండర కణంలోకి వెళ్లి సైక్లిక్ జీఎంపీ అనే అణువును తయారు చేయిస్తుంది. కండరాన్ని వదులు చేసేది అదే. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఊపిరితిత్తుల నాళాల్లో బాగా ఉంటుంది. సిల్డెనాఫిల్ ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. ఉన్న కొద్దిపాటి కబురూ ఎక్కువసేపు నిలుస్తుంది. ఊపిరితిత్తుల జబ్బుకు 2005 నుంచే దీనికి అనుమతి ఉంది. నవ్వడానికేం లేదు.

నైట్ డ్యూటీ | హైదరాబాద్, సొంతూరు నర్సంపేట | మధ్యాహ్నం 2:40

కార్డియాలజీలో ట్రైనింగ్‌లో ఉన్నాను. చర్చ బాగుంది, కానీ ఒక ప్రమాదం కనిపిస్తోంది. పల్మనరీ హైపర్‌టెన్షన్ ఒక్క జబ్బు పేరు కాదు. ఐదు గుంపులున్నాయి. పైపెట్ పిల్ల గారు రాసింది మొదటి గుంపు కథ, నాళాల్లోనే మొదలయ్యేది. లోకంలో ఎక్కువమందికి ఉండేది రెండోది, గుండె ఎడమవైపు జబ్బు వల్ల వచ్చేది. మన దగ్గర చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి మైట్రల్ కవాటం బిగుసుకుపోయిన ఆడవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాం. అక్కడ తూము ముందుభాగం బాగానే ఉంటుంది, కింద నీళ్లు పోయే దారి పూడిపోయి వెనక్కి ఎగదన్నుతుంది. అలాంటివాళ్లకు కవాటం సరిచేయాలి. సిల్డెనాఫిల్ ఇస్తే పని జరగకపోగా ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. మూడోది ఊపిరితిత్తుల జబ్బుల వల్ల, నాలుగోది నాళాల్లో పాత రక్తపు గడ్డలు నిలిచిపోవడం వల్ల. ఐదోది మిగతావన్నీ.

నాలుగోదాన్ని మాత్రం వదిలిపెట్టకూడదు. గడ్డలు తీసే ఆపరేషన్ ఉంది, కుదిరినవాళ్లకు దాదాపు నయమైపోతుంది. దాన్ని పట్టేది వెంటిలేషన్-పెర్ఫ్యూజన్ స్కాన్, అంటే ఊపిరితిత్తుల్లో గాలి, రక్తం ఎక్కడెక్కడికి చేరుతున్నాయో చూపేది. చేయించారా అని డాక్టర్‌ను అడుగు.

ఎకోలోని 78 అంచనా మాత్రమే. కవాటం నుంచి వెనక్కి చిమ్మే రక్తం వేగాన్ని బట్టి లెక్కగడతారు. పైపు పరీక్షలో నేరుగా కొలుస్తారు. మెడ దగ్గరో తొడ దగ్గరో ఉన్న సిర నుంచి పంపుతారు, చాలావరకు మత్తు కూడా అక్కరలేదు. చివర్లో చిన్న బెలూన్ ఉబ్బించి ఒక కొమ్మను మూసి చూస్తే ఎడమవైపు ఒత్తిడి తెలుస్తుంది. అది 15 దాటకపోతే తప్పు నాళాలదే. భయపడకుండా చేయించండి.

ఇంకొకటి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టే నైట్రేట్ మాత్రలు, సిల్డెనాఫిల్ కలిపి వేసుకుంటే చేతి బీపీ ఘోరంగా పడిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ల డబ్బా, అక్క డబ్బా వేరువేరుగా పెట్టండి.

గ్రానైట్ కరీంనగర్ | సాయంత్రం 5:20

మా నాన్న క్వారీలో ఇరవై ఏళ్లు డ్రిల్లింగ్ చేశాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంది అన్నారు. ఎకోలో ఆయనకూ ఈ పేరే రాశారు. అంటే మూడో గుంపేనా? ఆయనకూ ఈ మాత్రలు అడగొచ్చా?

నైట్ డ్యూటీ | 6:05

చాలావరకు మూడోదే అన్నా, కానీ రిపోర్టులు చూడకుండా గట్టిగా చెప్పను. ఆక్సిజన్ తగ్గితే నాళాలు బిగుసుకోవడం ఒక కారణం. మచ్చలు కట్టిన చోట సన్నటి నాళాలు మొత్తానికే పోవడం ఇంకొకటి. రెండోదాన్ని ఏ మాత్రా తిరిగి తేలేదు. మాత్రలు మీ అంతట మీరు వాడొద్దు. ముడుచుకున్న నాళాలన్నిటినీ ఒక్కసారి వదులు చేస్తే గాలి ఆడని చోటికి కూడా రక్తం పోతుంది, ఆక్సిజన్ ఇంకా పడిపోవచ్చు. రాత్రి పడుకున్నప్పుడు, నడిచినప్పుడు ఆక్సిజన్ ఎంత ఉంటోందో ముందు చూపించండి.

సుబేదారి సార్ | 6:30

అంటే నీరటి తెలివిగా కట్టిన మడవలన్నీ మనం తెంపినట్టు.

నైట్ డ్యూటీ | 6:32

సరిగ్గా అదే సార్.

బొగ్గుబాయి రాజు | భూపాలపల్లి | రాత్రి 8:50

నేను వేరే అడుగుతా. తమ్ముడూ, మీ అమ్మానాన్నలది మేనరికమా? మా చుట్టాల్లో వింత జబ్బులన్నీ మేనరికాల వల్లే వచ్చాయి.

కొత్తవాడ తమ్ముడు | 9:15

అవును అన్నా, మా అమ్మది సొంత మేనమామ కొడుకుతోనే పెళ్లి. ఇంట్లో అందరూ ఇప్పుడు ఇదే మాట. అమ్మ పొద్దట్నుంచి ఏడుస్తోంది.

పైపెట్ పిల్ల | 10:40

అమ్మకు ఇది చదివి వినిపించు.

కుటుంబాల్లో నడిచే రకానికి ముఖ్యమైన జన్యువు 2000లో దొరికింది. పేరు బీఎంపీఆర్2. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి జబ్బున్న కుటుంబాల్లో నూటికి డెబ్బై, ఎనభై వాటికి ఇందులోనే లోపం ఉంటుంది. ఇలాంటి జన్యువు మనలో రెండు ప్రతులుంటుంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఆ లోపం ఒక్క ప్రతిలో ఉన్నా చాలు, అమ్మ నుంచో నాన్న నుంచో, లేదా ఎవరి నుంచీ కాకుండా కొత్తగా కూడా. మేనరికం వల్ల బయటపడేవి రెండు ప్రతులూ చెడితే వచ్చే జబ్బులు. కాబట్టి దీనికి మేనరికం మీద నేరం మోపడం తప్పు.

నిజం దాచకుండా ఇంకొకటి చెప్పాలి. దీనికి దాయాది జబ్బు ఒకటుంది, ధమనుల్లో కాక ఊపిరితిత్తుల సన్నటి సిరల్లో వచ్చేది. దాంట్లో కుటుంబాల్లో నడిచే రకానికి 2014లో ఈఐఎఫ్2ఏకే4 అనే జన్యువు కారణమని తేల్చారు. దానికి రెండు ప్రతులూ చెడాలి, అక్కడ మేనరికానికి పాత్ర ఉంటుంది. చాలా అరుదు. డాక్టర్లు సీటీ చూసి దాని అనుమానం ఉందో లేదో చెప్తారు.

ఇప్పుడు అసలు సంగతి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. బీఎంపీ అంటే ఎముకను పుట్టించే ప్రోటీన్. ఎముక పొడిని కండరంలో పెడితే అక్కడ ఎముక మొలవడం చూసి ఆ పేరొచ్చింది. అదే కుటుంబం ప్రోటీన్లు నాళాల్లో చేసే పని వేరు, "ఇక పెరిగింది చాలు" అని చెప్పడం. బీఎంపీఆర్2 ఆ మాట వినే చెవి. ఎదురుగా ఇంకో జట్టు ఉంది, యాక్టివిన్ వగైరా, "పెరుగు, పెరుగు" అనేది. రెండూ త్రాసులో సమంగా ఉన్నంతకాలం నాళం నాళంలా ఉంటుంది. చెవి మొద్దుబారితే తక్కెడ అటు వాలిపోతుంది. జన్యులోపం లేని రోగుల్లో కూడా ఈ చెవి తగ్గిపోయి ఉండటం చూశారు.

కానీ లోపం ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు. ఆడవాళ్లలో నూటికి సుమారు 42 మందికి, మగవాళ్లలో 14 మందికి వస్తుందని ఒక లెక్క. మిగతావాళ్లు మామూలుగా బతికేస్తారు. అంటే జన్యువు ఒక్కటే చాలదు, ఇంకో దెబ్బ తగలాలి. అది ఈస్ట్రోజెన్ కావచ్చు, నాళం చుట్టూ చేరే వాపు కణాలు కావచ్చు, మందులు కావచ్చు. 1960ల చివర్లో స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, జర్మనీల్లో అమినోరెక్స్ అనే ఆకలి చంపే మందు అమ్మాక ఈ జబ్బు ఒక్కసారిగా పెరిగింది. మందు ఆపేశాక తగ్గింది. సన్నబడే మాత్రలు ఎవరైనా ఇస్తే ఈ ముచ్చట గుర్తుంచుకోండి.

మొదటి దెబ్బకు లోపలి పొర కణాలు చాలా చచ్చిపోతాయి. మిగిలినవి చావును ఎదిరించేవి. అవే పెరిగి నాళం లోపల దారాల ఉండల్లా అల్లుకుపోతాయి. ఎలుకల్లో దీన్ని పుట్టించడానికి ల్యాబుల్లో మోనోక్రోటలిన్ అనే విషం ఒక్క ఇంజెక్షన్ ఇస్తారు, మూడు నాలుగు వారాల్లో ఒత్తిడి పెరిగిపోతుంది. ఆ విషం ఎక్కడిదో తెలుసా? మన జనుము జాతి మొక్క గింజల నుంచి తీసింది.

ఎనుమాముల మిర్చి | 10:48

ఆగు చెల్లె! మాకు మూడెకరాల్లో పచ్చిరొట్టకు జనుమే చల్లాం.

పైపెట్ పిల్ల | 10:55

అన్నా, జాతి ఒకటే, మొక్క వేరు. దుక్కిలో కలిపితే మనుషులకు ఏం కాదు. ఎలుకలకు ఇచ్చేది శుద్ధి చేసిన విషం, అది కూడా వాటి కాలేయం మార్చాకే నాళాలను కాలుస్తుంది. గింజలు మాత్రం గొడ్లకు పెట్టకండి.

జగిత్యాల అక్క | 11:20

చెల్లె, ఆ తక్కెడను సరిచేసే ఇంజెక్షన్ వచ్చిందని మా డాక్టర్ అన్నారు.

పైపెట్ పిల్ల | 11:41

సొటాటెర్‌సెప్ట్ అక్కా. 2024 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది. యాక్టివిన్‌ను రక్తంలోనే పట్టేస్తుంది, "పెరుగు" అనే జట్టు బలం తగ్గుతుంది. మూడు వారాలకోసారి చర్మం కింద ఇస్తారు. పాత మందులు వాడుతున్నవాళ్లకే దీన్ని కలిపి చూస్తే, 24 వారాల తర్వాత ఆరు నిమిషాల్లో నడిచే దూరం మందు లేనివాళ్లకంటే సుమారు 40 మీటర్లు ఎక్కువ వచ్చింది. పాత మందులు ప్రధానంగా నాళాన్ని వదులు చేసేవి, పెరుగుదల మీదే గురిపెట్టి వచ్చిన మందు ఇది. ధర మాత్రం మనలాంటివాళ్లు నోరెత్తేలా లేదు. హిమోగ్లోబిన్ పెరగడం, రక్తస్రావం, చర్మం మీద ఎర్రటి సన్న నాళాలు తేలడం ఉంటాయి. ఆ నాళాలను తెలంజియెక్టేసియా అంటారు. మొదటిసారి విన్నప్పుడు మన రాష్ట్రం పేరెందుకు పెట్టారా అనుకున్నాను.

కొత్తవాడ తమ్ముడు | మూడు వారాల తర్వాత, శనివారం సాయంత్రం 6:10

పరీక్షలన్నీ అయ్యాయి. స్కాన్‌లో గడ్డలు లేవు. సీటీలో ఊపిరితిత్తి బాగుంది, సిరల జబ్బు లక్షణాలు లేవన్నారు. పైపు పరీక్షలో సగటు ఒత్తిడి 49, బెలూన్ పెట్టి చూసింది 9. గుండె నిమిషానికి పంపేది 3.6 లీటర్లే. నైట్రిక్ ఆక్సైడ్ పీల్పించి మళ్లీ కొలిస్తే 46. మొదటి గుంపు అన్నారు. టాడలాఫిల్, ఆంబ్రిసెంటాన్ రెండూ మొదలుపెట్టారు. ఇంకో గర్భం వద్దని గట్టిగా చెప్పారు. 49 నుంచి 46 అయితే మంచిదా, చెడ్డదా?

నైట్ డ్యూటీ | రాత్రి 11:30

ఆ పరీక్షలో కనీసం 10 తగ్గి, 40కో అంతకంటే కిందికో దిగితే, గుండె పంపేది తగ్గకపోతే, మామూలు బీపీకి వాడే, కాల్షియం ద్వారాలను మూసే మందులతోనే నడిపించే వీలుంటుంది. ఏ కారణమూ దొరకని రకంలో నూటికి పదిమందికే అలా అవుతుంది. తగ్గలేదంటే బిగువు తక్కువ, గోడ పెరుగుదల ఎక్కువ అని. అందుకే రెండు మందులు ఒకేసారి మొదలుపెట్టారు. టాడలాఫిల్ సిల్డెనాఫిల్ లాగే వదులు కబురును నిలబెడుతుంది, ఆంబ్రిసెంటాన్ ఎండోథీలిన్ మాట వినబడకుండా చేస్తుంది. ఆంబ్రిసెంటాన్ వల్ల కడుపులో బిడ్డకు అవయవ లోపాలు రావచ్చు. పైగా ఈ ఒత్తిడితో కాన్పు తల్లి ప్రాణానికే ముప్పు. ఆ విషయంలో ఇంట్లో ఎవరి మాటా వినొద్దు.

జన్యు పరీక్ష గురించి అక్కే నిర్ణయించుకోవాలి. లోపం దొరికితే అక్క పిల్లల్లో ఒక్కొక్కరికీ అది రావడానికి సగం అవకాశం, వచ్చినా జబ్బు రాకపోవచ్చు. ఏటేటా ఎకో తీయించి కనిపెట్టుకోవచ్చు.

కాళ్లకు వాపు ఉంటే ఉప్పు తగ్గించండి.

ఎనుమాముల మిర్చి | 11:34

చూశారా! మొదటి రోజే నేను చెప్పింది ఏంది?

సుబేదారి సార్ | 11:40

జవాబు కరెక్టు, లెక్క తప్పు. ఐదుకు రెండున్నర మార్కులు.

కొత్తవాడ తమ్ముడు | ఆదివారం ఉదయం 8:05

జగిత్యాల అక్కా, ఆంబ్రిసెంటాన్ మొదలుపెట్టాక మా అక్కకు మడమల దగ్గర వాపు కనబడుతోంది, ముక్కు కూడా దిబ్బడగా ఉందంటోంది. నీకూ అయిందా?

జగిత్యాల అక్క | 8:20

అయింది. నాకు రెండు నెలల్లో సర్దుకుంది. కానీ అది మందు వాపో గుండె వాపో మనకు తెలియదు కదా, రోజూ పొద్దున్నే బరువు చూసి రాసి పెట్టుకోమను. ఒక్కసారిగా పెరిగితే ఆగకుండా డాక్టర్‌కు ఫోన్ చేయాలి. నా నంబర్ నీకు మెసేజ్‌లో పంపాను, అక్కకు ఇవ్వు. మధ్యాహ్నం రెండు తర్వాత ఖాళీగా ఉంటాను.